క్షయ: అంతస్తును బట్టి గాలి, తూకాన్ని బట్టి ముప్పు

మన దేశంలో 15 ఏళ్లు దాటిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరికి క్షయ బ్యాక్టీరియా సోకి ఉంది. 2019-21 మధ్య భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన జాతీయ సర్వే తేల్చిన సంగతి ఇది. అయితే వీరంతా రోగులు కారు. బ్యాక్టీరియా సోకిన వందమందిలో జీవితకాలంలో జబ్బు పడేది ఐదు నుంచి పది మంది. మిగిలినవారిలో రోగనిరోధక వ్యవస్థ దాన్ని ఊపిరితిత్తుల్లోనే కట్టడి చేసి ఉంచుతుంది. తమకు అది సోకిందన్న సంగతి కూడా వాళ్లకు తెలియదు.

మరి జబ్బు పడే ఆ కొద్దిమంది ఎవరు? క్షయ పరిశోధనలో ఇది చాలా పాత ప్రశ్న, ఇప్పటికీ అవసరమైన ప్రశ్న. ప్రపంచంలో ఏటా క్షయ బారిన పడుతున్నవారిలో సుమారు నాలుగో వంతు భారతీయులే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష ఉచితం, మందులు ఉచితం. ఆ మందులు బాగా పనిచేస్తాయి కూడా. అయినా కూలీల ఇళ్లను, ఇరుకు బస్తీలను, క్వారీల పక్క ఊళ్లను ఈ జబ్బు వదలడం లేదు. కారణం బ్యాక్టీరియాలోనే లేదు. అది చేరే శరీరంలో, ఆ శరీరం పీల్చే గాలిలో, ఆ మనిషి ఆసుపత్రికి చేరుకునే దారిలో కూడా ఉంది. ఈ మూడింటినీ నిర్ణయించేది ఆ కుటుంబ ఆర్థిక స్థితే.

తక్కెడ చెప్పే మాట

క్షయ బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి చేరగానే మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు దాన్ని మింగేస్తాయి. కానీ పూర్తిగా చంపలేవు. అప్పుడు టీ-కణాలు, ఇతర రోగనిరోధక కణాలు వచ్చి చుట్టూ చేరి, గ్రాన్యులోమా అనే చిన్న గడ్డలా ఏర్పడి బ్యాక్టీరియాను లోపలే బంధిస్తాయి. ఈ కాపలా ఏళ్ల తరబడి సాగాలి. అందుకు శరీరానికి శక్తి కావాలి, మాంసకృత్తులు కావాలి, సూక్ష్మ పోషకాలు కావాలి. తిండి చాలకపోతే టీ-కణాల సంఖ్య, చురుకుదనం తగ్గుతాయి. కాపలా సడలుతుంది. లోపలున్న బ్యాక్టీరియా బయటపడుతుంది.

ఈ సంబంధాన్ని తూకంలోనే చూడవచ్చు. ఎత్తుకు తగిన బరువును చెప్పే కొలత బీఎంఐ. ఇది ఒక్క అంకె పెరిగితే క్షయ వచ్చే అవకాశం సుమారు 14 శాతం తగ్గుతుందని వేర్వేరు దేశాల్లో జరిగిన దీర్ఘకాలిక అధ్యయనాలను కలిపి 2010లో చేసిన విశ్లేషణ చూపింది. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి ఒక అంకె అంటే దాదాపు రెండున్నర కిలోలు. ఆ లెక్కన అదే ఎత్తున్న ఇద్దరిలో ఒకరి బరువు 59 కిలోలు, మరొకరిది 49 కిలోలు అయితే, రెండో వ్యక్తికి ముప్పు 1.8 రెట్లు. పది కిలోల తేడా ముప్పును దాదాపు రెట్టింపు చేస్తుందన్నమాట.

మన పల్లెల్లో రోగుల తూకం ఇంతకన్నా దిగువన ఉంటోంది. ఛత్తీస్‌గఢ్‌లోని గనియారిలో జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రికి వచ్చిన 1,695 మంది ఊపిరితిత్తుల క్షయ రోగుల వివరాలను పరిశోధకులు 2013లో ప్రచురించారు. జబ్బు బయటపడే నాటికి మగవారి మధ్యగత బరువు 42.1 కిలోలు, ఆడవారిది 34.1 కిలోలు. అంటే మహిళల్లో సగం మంది అంతకన్నా తక్కువ తూగారు. జబ్బు వల్ల బరువు తగ్గుతుంది, బరువు తక్కువగా ఉండటం వల్ల జబ్బు వస్తుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

క్షయ పేదలకే వస్తుందనుకోవడం మాత్రం పొరపాటు. మధుమేహం ఉన్నవారికి ముప్పు మూడు రెట్ల వరకు ఉంటుంది. హెచ్‌ఐవీ, పొగాకు కూడా ముప్పును పెంచుతాయి. రాతి క్వారీల్లో, పలకల పనిలో పీల్చే సిలికా ధూళి ఆ మాక్రోఫేజ్‌లనే దెబ్బతీస్తుంది. కానీ మన దేశంలో ఎక్కువమందిని ఈ జబ్బు వైపు నెడుతున్నది పోషకాహార లోపమే.

శానిటోరియం నుంచి ఇంటికి

తిండికి, క్షయకు సంబంధం ఉందన్న సంగతి వైద్యులకు కొత్త కాదు. మందులు లేని రోజుల్లో మంచి తిండి, మంచి గాలి, విశ్రాంతి, ఇవే చికిత్స. చిత్తూరు ప్రాంతంలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో మొదలైంది. వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లోనూ క్షయ ఆసుపత్రి వెలిసింది. అయితే నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి పని మానేసి అక్కడ ఉండగలిగేది ఎందరు? 1946లో భోర్ కమిటీ వేసిన లెక్క ప్రకారం దేశంలో క్షయ రోగులు సుమారు 25 లక్షలు. వారికున్న పడకలు ఆరు వేలు.

ఈ పరిస్థితిని మార్చింది మద్రాసులో జరిగిన ఒక పరీక్ష. స్ట్రెప్టోమైసిన్, పాస్, ఐసోనియాజిడ్ మందులు అప్పటికి వచ్చేశాయి. ఇక శానిటోరియం అవసరమా అన్నది ప్రశ్న. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఏర్పాటైంది. నగరంలోని పేద కుటుంబాలకు చెందిన 193 మంది రోగులను ఏ ఎంపికా లేకుండా రెండు జట్లు చేశారు. ఒక జట్టు శానిటోరియంలో, మరో జట్టు ఇంట్లో. మందులు ఇద్దరికీ ఒకటే, ఏడాది పాటు. శానిటోరియంలో ఉన్నవారు మంచి తిండి తిన్నారు, ఎక్కువ విశ్రాంతి తీసుకున్నారు, ఎక్కువ బరువు పెరిగారు. ఇంట్లో ఉన్నవారికి ఇరుకు గదులు, చాలీచాలని తిండి. అయినా ఏడాది చివర జబ్బు నయమైనవారి నిష్పత్తి రెండు జట్లలోనూ దాదాపు సమానంగానే ఉంది. పైగా ఇంట్లో చికిత్స తీసుకున్నవారి కుటుంబ సభ్యులకు అదనంగా జబ్బు సోకలేదని తర్వాతి ఐదేళ్ల పరిశీలన తేల్చింది.

1959లో వెలువడిన ఈ ఫలితం ప్రపంచమంతటా క్షయ చికిత్సను మార్చేసింది. శానిటోరియంలో చేరే స్తోమత లేనివారికీ వైద్యం అందుబాటులోకి వచ్చింది. పేదల పక్షాన ఇంత మేలు చేసిన వైద్య పరీక్షలు చరిత్రలో తక్కువ.

అయితే ఆ ఫలితం నుంచి మరో అర్థం కూడా తీశారు. మందు ఉంటే చాలు, తిండి అంత ముఖ్యం కాదన్నది ఆ అర్థం. తిండి మెల్లగా క్షయ కార్యక్రమాల నుంచి జారిపోయింది. మద్రాసు పరీక్ష అడిగిన ప్రశ్న వేరు. జబ్బు పడి, సరైన మందులు వాడుతున్నవారు ఇంట్లో ఉన్నా కోలుకుంటారా అని మాత్రమే అది అడిగింది. అసలు ఎవరు జబ్బు పడతారు, రోగి పక్కనే ఉంటున్న కుటుంబంలో తర్వాత ఎవరికి వస్తుంది అన్న ప్రశ్నలకు, అక్కడ తిండి పాత్ర ఎంత అన్నదానికి అందులో జవాబు లేదు.

జార్ఖండ్‌లో బియ్యం, పప్పు

ఆ జవాబు రావడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. వైద్యులు అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ నేతృత్వంలో 2019 నుంచి 2022 వరకు జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో 'రేషన్స్' అనే పరీక్ష జరిగింది. ఇందులో భాగస్వామి చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ. ఇది 1956 నాటి మద్రాసు కేంద్రానికి నేటి రూపమే.

పరీక్షలో 2,800 మంది ఊపిరితిత్తుల క్షయ రోగులు, వారి ఇళ్లలోని 10,345 మంది కుటుంబ సభ్యులు పాల్గొన్నారు. రోగుల్లో ప్రతి ఐదుగురిలో నలుగురు ఉండాల్సిన బరువుకన్నా తక్కువ ఉన్నవారే. రోగులందరికీ నెలనెలా బియ్యం, పప్పు, పాలపొడి, నూనె, విటమిన్ మాత్రలు ఇచ్చారు. తేడా కుటుంబ సభ్యుల విషయంలో. ఒక జట్టు కుటుంబాల్లో ఒక్కొక్కరికీ నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు అందాయి. రెండో జట్టు కుటుంబ సభ్యులు మామూలుగా తినేదే తిన్నారు. నెలకు ఆరున్నర కిలోల గింజలంటే రోజుకు సుమారు 750 కిలోక్యాలరీలు, 23 గ్రాముల మాంసకృత్తులు.

రెండేళ్ల తర్వాత లెక్క చూస్తే, బియ్యం, పప్పు అందిన కుటుంబాల్లో అన్ని రకాల క్షయ కలిపి 39 శాతం తగ్గింది. ప్రయోగశాలలో నిర్ధారణ అయ్యే, ఇతరులకు సోకే ఊపిరితిత్తుల క్షయ 48 శాతం తగ్గింది. సుమారు 30 కుటుంబాలకు ఇలా తిండి అందిస్తే ఒక కొత్త క్షయ కేసును ఆపవచ్చని పరిశోధకులు లెక్కగట్టారు. ఇందులో కొత్త మందు లేదు, కొత్త టీకా లేదు. ఊళ్లో కిరాణా కొట్టులో దొరికే సరుకులే.

రోగుల విషయంలోనూ తూకమే కీలకమైంది. చికిత్స మొదలైన తొలి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవారిలో మరణ ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. 40 కిలోల మనిషికి 5 శాతం అంటే రెండు కిలోలే. తిండి మందుకు బదులు కాదు. కానీ ఎముకలగూడులా వచ్చిన రోగికి మందుతో పాటు తిండి అందకపోతే, మందు పనిచేసే లోపే ప్రాణం పోయే ప్రమాదం ఉంది.

ఒకే భవనం, వేర్వేరు అంతస్తులు

తిండి శరీరంలోని కాపలాను నిర్ణయిస్తే, శరీరంలోకి ఎంత బ్యాక్టీరియా చేరుతుందో నిర్ణయించేది ఇంటి గాలి. రోగి దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు వచ్చే తుంపర్లలో పెద్దవి నేల మీద పడిపోతాయి. చిన్నవి గాలిలోనే ఆరిపోయి ఒకటి నుంచి ఐదు మైక్రాన్ల రేణువులుగా మిగులుతాయి. తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండని ఈ రేణువులు గంటల తరబడి గాలిలో తేలుతూ ఉంటాయి. 1950ల చివర్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో రిచర్డ్ రైలీ బృందం క్షయ వార్డులోని గాలిని గొట్టాల ద్వారా గినీ పందుల గదిలోకి పంపి చూసింది. రోగులను ఎన్నడూ చూడని ఆ జంతువులకు కూడా జబ్బు సోకింది.

గదిలో ఈ రేణువులు ఎంత చిక్కగా ఉంటాయన్నది సులువైన లెక్కే. గది ఘనపరిమాణం ఎంత ఎక్కువైతే అంత పలచన. గంటకు ఎన్నిసార్లు బయటి గాలి లోపలికి వచ్చి పోతే అంత పలచన. ఒక గదిలో గంటకు ఆరుసార్లు గాలి మారుతోందనుకుందాం. దానిలో సగం ఉన్న మరో గదిలో, కిటికీ లేక, గంటకు ఒక్కసారే మారుతోందనుకుందాం. రెండో గదిలో రేణువుల సాంద్రత పన్నెండు రెట్లు. రెండు గదుల ఇంట్లో ముగ్గురున్న కుటుంబానికి, ఒకే గదిలో వంట, పడక, చదువు అన్నీ సాగించే ఆరుగురి కుటుంబానికి మధ్య తేడా ఈ లెక్కలో స్పష్టంగా కనిపిస్తుంది.

ముంబయిలోని గోవండీ ప్రాంతం దీనికి ఉదాహరణ. మురికివాడల నుంచి తరలించిన కుటుంబాల కోసం అక్కడ లల్లూభాయ్ కాంపౌండ్, నట్వర్ పారేఖ్ కాంపౌండ్ వంటి చోట్ల బహుళ అంతస్తుల భవనాలు కట్టారు. రెండు భవనాల మధ్య ఎడం సుమారు మూడు మీటర్లు. గుడిసెలు పోయి పక్కా ఇళ్లు వచ్చాయి, కానీ ఎండ, గాలి పోయాయి. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో ఈ కాలనీల్లో క్షయ చాలా ఎక్కువగా, అందులోనూ ఎండ చొరబడని కింది అంతస్తుల్లో మరీ ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఒకే భవనంలో ఉండేవారి సంపాదనలో పెద్ద తేడా ఉండదు. తేడా ఎండలో, గాలిలో ఉంది. తెలుగులో అంతస్తు అన్న మాటకు మేడ మెట్టు అనీ, సమాజంలో స్థాయి అనీ రెండు అర్థాలు. గోవండీలో ఈ రెండూ ఒక్కటయ్యాయి.

దీనికి పరిష్కారం ఖరీదైన యంత్రాలే కానక్కర్లేదు. పెరూ రాజధాని లిమాలోని ఆసుపత్రుల్లో 2007లో ప్రచురితమైన అధ్యయనం ఈ సంగతి చూపింది. తలుపులు, కిటికీలు పూర్తిగా తెరిచిన గదుల్లో గాలి గంటకు 28 సార్లు మారింది. యంత్రాలతో గాలి నడిపే గదులకు ప్రమాణంగా పెట్టుకున్నది 12 సార్లు. ఎత్తయిన కప్పు, పెద్ద కిటికీలున్న పాతకాలపు కట్టడాలు కొత్త వాటికన్నా మెరుగ్గా ఉన్నాయి. ఇల్లు కట్టించే పథకాల్లో భవనాల మధ్య దూరం, కిటికీ పరిమాణం వాస్తు విషయాలో ఇంజినీరింగ్ విషయాలో మాత్రమే కావు, ఆరోగ్య విషయాలు కూడా.

దగ్గు నుంచి పరీక్ష దాకా

జాతీయ సర్వేలో మరో సంగతి బయటపడింది. క్షయ లక్షణాలున్నవారిలో 64 శాతం మంది అసలు వైద్యం కోసం ఎక్కడికీ వెళ్లలేదు. ఎందుకని అడిగితే, వారిలో సుమారు మూడింట రెండొంతుల మంది 'పట్టించుకోలేదు' అన్నారు. డబ్బు లేక వెళ్లలేదన్నవారు చాలా తక్కువ. పైకి చూస్తే ఇది అజాగ్రత్తలా, అవగాహన లోపంలా కనిపిస్తుంది. కానీ దినకూలీ లెక్కలో చూస్తే అర్థం మారుతుంది. ఆసుపత్రికి వెళ్లడమంటే ఒక రోజు కూలి పోవడం. కళ్లె పరీక్షకు మళ్లీ వెళ్లాలి, ఫలితం కోసం మళ్లీ వెళ్లాలి. మనిషిని పడుకోబెట్టేంత జ్వరం రానంతవరకు దగ్గు పనికి అడ్డం కాదు. నెల జీతం, మెడికల్ లీవు ఉన్నవారికి రెండు వారాల దగ్గు ఒక లక్షణం. పొద్దున్నే అడ్డా మీద నిలబడేవారికి అది అలవాటు.

వెళ్లినవారికీ దారి సూటిగా ఉండదు. దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, లక్షణాలు మొదలయ్యాక చికిత్స అందేసరికి సుమారు రెండు నెలలు గడుస్తున్నాయి. ఈలోగా రోగి సగటున దాదాపు ముగ్గురు వైద్యుల దగ్గరికి తిరుగుతున్నాడు. ఇంటి పక్కన సాయంత్రం వేళ కూడా దొరికే ఆర్‌ఎంపీ, మందుల దుకాణం, ఆ తర్వాత చిన్న నర్సింగ్ హోమ్. ఢిల్లీలో పరిశోధకులు రోగుల్లా నటించేందుకు కొందరికి శిక్షణ ఇచ్చి ప్రైవేటు వైద్యుల దగ్గరికి పంపారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం 250 సందర్శనల్లో సరైన తీరులో చూసినవి 52 మాత్రమే. మిగతా చోట్ల ఎక్కువగా దక్కింది దగ్గు మందు, యాంటీబయాటిక్. ఉచిత మందు అందే ముందే ఇంట్లో డబ్బు ఖర్చయిపోతుంది. ఈ రెండు నెలలూ ఆ గది గాలిలో బ్యాక్టీరియా చేరుతూనే ఉంటుంది.

వేరు కంచం

జబ్బు పేరు తెలిశాక ఇంట్లో, వాడలో మరో అధ్యాయం మొదలవుతుంది. రోగికి కంచం వేరు చేస్తారు, గ్లాసు వేరు, దుప్పటి వేరు. పెళ్లి కావలసిన అమ్మాయి అయితే మాట బయటికి పొక్కనివ్వరు. ఇళ్లలో పనిచేసే ఆవిడకు టీబీ అని తెలిస్తే మర్నాటి నుంచి రావద్దంటారు. అందుకే చాలామంది జబ్బును దాచిపెడతారు. దూరంగా ఉన్న మరో ఊరి ఆసుపత్రికి వెళతారు. అక్కడికి వెళ్లే ఖర్చు భారమై మందులు మధ్యలో ఆపేస్తే, మందులకు లొంగని క్షయ తయారవుతుంది.

సైన్సు పరంగా చూస్తే ఈ దూరం పాటించాల్సిన చోటు వేరు. క్షయ కంచాల ద్వారా, బట్టల ద్వారా, చేయి కలపడం ద్వారా సోకదు. గాలి ద్వారానే సోకుతుంది. అది కూడా ఎక్కువగా జబ్బు బయటపడక ముందే. మద్రాసు పరిశీలన చెప్పినదీ ఇదే. సరైన మందులు మొదలైతే ఇతరులకు సోకే అవకాశం త్వరగా పడిపోతుంది. తెరిచిన కిటికీ చేసే మేలు వేరు కంచం చేయలేదు. మందులు వాడుతున్న పనిమనిషిని మాన్పించడం వల్ల ఎవరికీ రక్షణ పెరగదు. ఆమె ఇంట్లో తిండి మాత్రం తగ్గుతుంది.

ఇప్పుడు జరుగుతున్నది, జరగాల్సింది

విధానాలు కొంత మారుతున్నాయి. 2018 ఏప్రిల్‌లో మొదలైన నిక్షయ్ పోషణ్ యోజన కింద చికిత్స కాలంలో రోగి ఖాతాలో నెలకు 500 రూపాయలు వేసేవారు. 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 రూపాయలు చేశారు. రోజుకు 33 రూపాయలు. పోయిన కూలిని ఇది పూడ్చదు, కానీ పప్పు, గుడ్లు కొనడానికి అక్కరకొస్తుంది. 2022లో మొదలైన నిక్షయ్ మిత్ర కార్యక్రమంలో దాతలు రోగులకు సరుకులు అందిస్తున్నారు. రోగుల కుటుంబాలకు కూడా ఈ సాయాన్ని విస్తరిస్తున్నట్టు ప్రభుత్వం 2024లో ప్రకటించింది. జార్ఖండ్ ఫలితానికి దగ్గరగా ఉన్న అడుగు ఇది. అయితే దాత దొరికిన ఊళ్లో సరుకులు అందడం, దొరకని ఊళ్లో అందకపోవడం అన్న తేడా ఇందులో ఉంది. రేషన్ కార్డు మీద అదనపు బియ్యం, పప్పు హక్కుగా ఇస్తే ఆ తేడా ఉండదు.

తమిళనాడు 2022లో మరో దారి పట్టింది. క్షయ నిర్ధారణ కాగానే ప్రతి రోగిని తూచి, ఊపిరి వేగం, రక్తంలో ఆక్సిజన్ చూసి, ఆసరా లేకుండా నిలబడగలరో లేదో గమనిస్తారు. ఈ పరీక్షలకు తక్కెడ, పల్స్ ఆక్సీమీటర్, గడియారం చాలు. ప్రమాదంలో ఉన్నవారిని వెంటనే ఆసుపత్రిలో చేర్చుకుని తిండి, మందు రెండూ ఇస్తారు. శానిటోరియం నుంచి ఇంటికి వచ్చిన వైద్యం, ఎవరిని మాత్రం ఇంటికి పంపకూడదో ఇప్పుడు నేర్చుకుంటోంది.

రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రం జ్వరం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, కళ్లెలో రక్తం, వీటిలో ఏది కనిపించినా దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా పరీక్ష చేయించుకోవచ్చు. క్షయపై సందేహాలకు జాతీయ సహాయ కేంద్రం ఉచిత ఫోన్ నంబరు 1800-11-6666. ఇంట్లో ఒకరికి క్షయ అని తేలితే మిగతావారంతా, పిల్లలతో సహా, పరీక్ష చేయించుకోవాలి. ఆ సమయంలోనే ఇంటిల్లిపాదీ బరువు కూడా తూయించుకోవడం మంచిది. తర్వాత ముప్పు ఎవరికన్నది ఆ తూకం చాలావరకు ముందే చెబుతుంది.